కృష్ణ ఒడ్డున బొమ్మల వరుస

విజయవాడ నుంచి బయలుదేరిన ప్యాసింజరు కృష్ణ వంతెన దాటాక దక్షిణపు ఒడ్డున మొదట వచ్చే స్టేషను కృష్ణా కెనాల్ జంక్షన్. ఊరు తాడేపల్లి. అక్కడ పట్టాలు రెండుగా చీలతాయి. ఒకటి మంగళగిరి, నంబూరు మీదుగా గుంటూరుకు పోతుంది. రెండోది పెదవడ్లపూడి, దుగ్గిరాల మీదుగా తెనాలికి చేరుతుంది. పట్టాలు లేని దారి కూడా ఒకటి ఉంది. సీతానగరం దగ్గర కరకట్ట పట్టుకుంటే నదికి ఎదురుగా ఉండవల్లి, ఇంకా పైకి వెళితే అమరావతి.

ఈ మూడు దారుల్లోనూ ఒకే ప్రశ్నతో సాగిన ప్రయాణం ఇది. ఒక కామిక్స్ చిత్రకారుడి అసలు బొమ్మలను విశ్వవిద్యాలయం గ్యాలరీలో గోడకు తగిలించి జనానికి చూపించాలంటే ఏమేం కావాలి? ఆ పని ఈ గుంటూరు సీమలో, ఈ నల్లరేగడి నేల మీద జరగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇది ఊరికే పుట్టిన ప్రశ్న కాదు. 2015 ఆగస్టు 24 నుంచి అక్టోబరు 10 వరకు, లాస్ ఏంజెలెస్ ఉత్తరపు కొసన ఉన్న నార్త్‌రిడ్జ్‌లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు తమ గ్యాలరీలో జాక్ కిర్బీ బొమ్మలు ప్రదర్శించారు. కెప్టెన్ అమెరికా, ఫెంటాస్టిక్ ఫోర్, హల్క్, థోర్, బ్లాక్ పాంథర్‌ల పుట్టుకలో చెయ్యి ఉన్న కిర్బీ ఆయనే. వందకు పైగా అసలు బొమ్మలు గోడలెక్కాయి. ప్రదర్శన నడిపింది చిత్రకళా శాఖ ఆచార్యుడు కాదు, ఇంగ్లీషు శాఖ ఆచార్యుడు చార్లెస్ హాట్‌ఫీల్డ్. అంతకు నాలుగేళ్ల ముందే కిర్బీ మీద ఆయన ఒక పుస్తకం రాశారు. పుస్తకంలో చెప్పినదాన్ని గోడ మీద చూపించడం వేరే విద్య. ఆ విద్య ఇక్కడి రాళ్లకు బాగా తెలుసు. అందుకే మొదటి దారి కరకట్టది.

ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. కాటన్ దొర కాలంలో, 1855 నాటికి కట్టిన పాత ఆనకట్టకు ఇది వారసురాలు. బ్యారేజీ దక్షిణపు కొసన దిగి పడమటికి తిరిగితే సీతానగరం, ఆ వెంటనే ఉండవల్లి కొండ. నాలుగు అంతస్తులుగా తొలిచిన గుహలు. విష్ణుకుండినుల కాలం నాటివని చెబుతారు. కింది అంతస్తు పని సగంలో ఆగిపోయింది. ఉలి దెబ్బలు ఇంకా కనిపిస్తాయి. పైకెక్కితే అనంతపద్మనాభుడు ఐదు మీటర్లకు మించిన నిడివితో శేషుడి మీద పడుకుని ఉంటాడు. లోపల వెలుగు తక్కువ. నిలుచున్నచోట నిలుచుని చూస్తే మూర్తి మొత్తం కంటికి అందదు. పాదాల దగ్గర మొదలుపెట్టి తల దాకా పక్కగా నడవాలి. చూసేవాడి నడకను కూడా లెక్కలో పెట్టుకుని చేసిన శిల్పం అది. గోడ మీద బొమ్మలు పెట్టాలనుకునేవాళ్లకు మొదటి పాఠం ఇక్కడే దొరుకుతుంది.

ఉండవల్లి దాటాక అరటి తోటలు, కూరగాయల మళ్లు. వెంకటపాలెం, మందడం, రాయపూడి. రాజధాని కోసం తీసుకున్న పొలాల మధ్య పెద్ద రోడ్లు, ఎత్తయిన భవనాలు. అవి దాటి పడమటికి పోయేకొద్దీ నేల నల్లబడుతుంది, పత్తి, మిరప మొదలవుతాయి. మాఘ ఫాల్గుణాల్లో ఈ దారిన వెళితే కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల ఘాటు బస్సులో కూర్చున్నవాళ్లకు కూడా తగులుతుంది.

అమరావతిలో మహాచైత్యం ఇప్పుడొక మట్టి దిబ్బ. చుట్టూ కొన్ని రాతి పలకలు, పక్కన పురావస్తు శాఖ వారి మ్యూజియం. ఒకప్పుడు ఈ దిబ్బ చుట్టూ ఎత్తయిన రాతి ప్రాకారం ఉండేది. దాని స్తంభాల మీద, అడ్డపలకల మీద, గుండ్రటి ఫలకాల మీద బుద్ధుడి కథలు చెక్కి ఉండేవి. భక్తులు స్తూపాన్ని కుడివైపు ఉంచుకుని ప్రదక్షిణం చేసేవారు. నడుస్తుంటే కథలు ఒకదాని తర్వాత ఒకటి ఎదురయ్యేవి. 

ఆ ఫలకాల్లో ఒకటి ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. నాళగిరి ఏనుగు కథ. మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషుల మీద విరుచుకుపడుతుంది. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగి చూస్తుంటారు, వీధిలో జనం చెల్లాచెదురవుతుంటారు. అదే గుండ్రటి ఫలకంలో, ఎడమ నుంచి కుడికి చూపు జరిగేసరికి, అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. ఒకే బొమ్మలో ఒకే ఏనుగు రెండుసార్లు. మధ్యలో గీత లేదు, గడి లేదు. అయినా చూసేవాడికి గందరగోళం ఉండదు. ముందు ఏది, తర్వాత ఏది అన్నది కన్నే పోల్చుకుంటుంది. కామిక్స్ చేసే పని సరిగ్గా ఇదే: పక్కపక్కన ఉన్న రెండు బొమ్మల మధ్య కాలం నడిచిందని చదివేవాడి చేత ఒప్పించడం. ఆ పనితనం ఈ నది ఒడ్డున సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే పండింది.

తర్వాత జరిగింది చెప్పడం బాధే. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టించేటప్పుడు స్తూపం రాళ్లు ఇళ్లకు, చెరువు మెట్లకు పోయాయి. చాలా పలకలు సున్నం బట్టీల్లో కాలాయి. కల్నల్ కాలిన్ మెకంజీ ముందు ఒకసారి వచ్చి చూసి వెళ్లి, 1816లో మళ్లీ వచ్చి తన చిత్రకారుల చేత మిగిలిన పలకలకు బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసుకు, అక్కడి నుంచి 1859లో లండనుకు ఓడెక్కాయి. ఇవాళ అమరావతి శిల్పం కొంత చెన్నైలో, కొంత బ్రిటిష్ మ్యూజియంలో, కొంత ఇక్కడ ఉంది. ఏ పలక పక్కన ఏ పలక ఉండేదో తేల్చుకోవడానికి పండితులు ఇప్పటికీ మెకంజీ కాగితాలనే తిరగేస్తారు. ఆ తర్వాత పోయిన కొన్ని పలకలకు ఆ కాగితం మీది బొమ్మే సాక్ష్యం. రాయి పోయింది, కాగితం మిగిలింది.

కామిక్స్ చిత్రకారుల బొమ్మలకు పట్టే గతి కూడా ఇలాంటిదే. ఒక కథకు ఇరవై పేజీలుంటే, వేలంలో ఇరవై పేజీలూ ఇరవై మంది ఇళ్లకు పోతాయి. ఎవరి గోడ మీద వాళ్ల పేజీ అందంగానే ఉంటుంది, కథ మాత్రం ఎక్కడా ఉండదు. కిర్బీ విషయంలో ఇది కళ్ల ముందు జరిగింది. మార్వెల్ కంపెనీ కోసం ఆయన గీసిన పేజీలు పది వేలకు పైమాటే అని అంచనా. తన బొమ్మలు తనకివ్వమని ఏళ్ల తరబడి పోరాడితే 1987లో ఆయన చేతికి వచ్చినవి సుమారు 2,000. ఆ మిగిలినవాటిలో చాలా పేజీలు చెల్లాచెదురై, చేతులు మారాయి. అందువల్ల కామిక్స్ ప్రదర్శన పెట్టేవారి మొదటి పని విడివిడిగా మేటి బొమ్మలను ఏరడం కాదు. తెగిన వరుసను మళ్లీ కూర్చడం. కనీసం ఒక్క కథనైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గోడ మీద నిలబెడితే ఆ చిత్రకారుడు ఏం చేశాడో తెలుస్తుంది. లేకపోతే అతను పత్రికలకు బొమ్మలేసే ఒక మంచి పనివాడిగా మాత్రమే మిగులుతాడు.

రెండో దారి విశ్వవిద్యాలయాలది. తాడేపల్లి మండలంలోనే వడ్డేశ్వరం ఉంది. 1980లో ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన కె.ఎల్. విశ్వవిద్యాలయం అక్కడిదే. జాతీయ రహదారి పట్టుకుని మంగళగిరి, కాజ దాటి గుంటూరు వైపు వెళితే నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం. అది 1976లో పుట్టింది. రాజధాని ప్రాంతంలో 2017లో మొదలైన ఎస్.ఆర్.ఎం., వి.ఐ.టి. క్యాంపస్‌లు ఉన్నాయి. ఇంత చిన్న నేల మీద ఇన్ని విశ్వవిద్యాలయాలు ఉన్న చోటు తెలుగునాట అరుదు. వేల మంది పిల్లలు చదువుతున్నారు. వాళ్ల తాతలు చందమామ చదివారు, వాళ్లు మార్వెల్ సినిమాలు చూస్తున్నారు. ఆ రెండింటికీ చుట్టరికం ఉందని వాళ్లకు చూపించే గోడ ఒకటి కావాలి.

చుట్టరికం అన్నది అలంకారానికి అన్న మాట కాదు. 1967లో రోజర్ జెలాజ్నీ అనే అమెరికన్ రచయిత మన దేవతల పేర్లతో, అవతారాలతో ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాశాడు. పేరు లార్డ్ ఆఫ్ లైట్. పదేళ్లు దాటాక బారీ గెల్లర్ అనే ఆయన దాన్ని సినిమా తీయాలనుకుని, ఆ లోకం ఎలా ఉంటుందో గీసిపెట్టమని కిర్బీని అడిగాడు. న్యూయార్కులో పేద యూదుల వాడలో పుట్టిన కిర్బీ మన దేవతల నగరాలను పెద్ద పెద్ద బొమ్మలుగా గీశాడు. సినిమా రాలేదు. కానీ ఆ స్క్రిప్టు, ఆ బొమ్మలు అమెరికా గూఢచారి సంస్థ చేతికి చేరాయి. 1980 జనవరిలో టెహ్రానులో చిక్కుకున్న ఆరుగురు అమెరికన్లను ఒక ఉత్తుత్తి సినిమా యూనిట్ పేరుతో బయటికి తెచ్చినప్పుడు, ఆ యూనిట్ నిజమేనని నమ్మించడానికి పనికొచ్చినవి అవే. 2012లో వచ్చిన ఆర్గో సినిమా ఈ కథే. మన పురాణం మీద గీసిన బొమ్మలు అంత దూరం వెళ్లి ఆరు ప్రాణాల రక్షణలో భాగమయ్యాయని విన్నాక, వడ్డేశ్వరంలోనైనా నంబూరులోనైనా ఏ విద్యార్థి ఈ బొమ్మల ముందు నిలబడకుండా పోతాడు?

గ్యాలరీ గోడ మీద పెట్టాల్సింది అచ్చయిన పేజీ కాదు, అసలు పేజీ. ఈ తేడా తెలియకపోతే ప్రదర్శనకు అర్థం లేదు. కిర్బీ కాలపు అసలు పేజీ అచ్చు పేజీకి ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో ఉండేది. దళసరి అట్ట మీద ముందు పెన్సిలు, దాని మీద నల్ల ఇంకు. తప్పు పడిన చోట తెల్ల రంగు పూసి మళ్లీ గీసిన గుర్తు. మాటలు రాసిన చీటీ అతికించిన జాడ. అన్నిటికంటే విలువైనది అంచుల్లో ఉంటుంది. ఈ గడిలో ఏం జరుగుతోందో, పాత్ర ఏం అనుకుంటోందో కిర్బీ తన చేత్తో పెన్సిలుతో అంచులో రాసి పంపేవాడు. సంభాషణలు రాసే స్టాన్ లీ వాటిని చూసి మాటలు నింపేవాడు. కథలో బొమ్మ గీసినవాడి వాటా ఎంత అన్న వివాదం దశాబ్దాలు నడిచింది. ఆ అంచుల్లోని రాతలే దానికి జవాబు. అచ్చులో అంచులు ఉండవు.

ఇలాంటి కాగితాలను దాచే పని ఎంత చిన్నగా మొదలు కావచ్చో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ చూపించింది. 1977లో మిల్టన్ కానిఫ్ అనే చిత్రకారుడి కాగితాలతో, రెండు తరగతి గదుల్లో లూసీ కాస్‌వెల్ అనే గ్రంథపాలకురాలు ఆ పని మొదలుపెట్టారు. 1998లో బిల్ బ్లాక్‌బేర్డ్ అనే ఒక పత్రికల పిచ్చి ఉన్న పెద్దమనిషి జీవితమంతా పోగుచేసిన పాత వార్తాపత్రికల బొమ్మల పేజీలు ఆరు పెద్ద లారీల్లో అక్కడికి చేరాయి. గ్రంథాలయాలు మైక్రోఫిల్ము తీసుకుని పారేయబోయిన పత్రికలవి. 2013లో ఆ సంస్థ మ్యూజియం గ్యాలరీలున్న కొత్త చోటికి వెళ్లింది. ఇప్పుడు అక్కడ మూడు లక్షల అసలు కార్టూన్లున్నాయి. మన దగ్గరికి వస్తే, కేరళలో కార్టూనిస్టు శంకర్ పుట్టిన కాయంకుళంలో ఆయన పేరుతో మ్యూజియం ఉంది. బెంగళూరు ఎం.జి. రోడ్డు పక్కన కార్టూన్ గ్యాలరీ నడుస్తోంది. చేయగలిగిన పనే.

కాగితానికి శత్రువులు నలుగురు: వెలుతురు, తడి, పురుగు, సెల్లోటేపు. మ్యూజియం వాళ్ల లెక్కలో కాగితం మీది బొమ్మపై పడే వెలుగు 50 లక్స్ దాటకూడదు. అంటే గది మసక వెలుతురులో ఉండాలి. ఉండవల్లి గుహలో లాగే కన్ను కాసేపు అలవాటు పడాలి. అట్ట వెనక ఆమ్లం లేని కాగితం ఉండాలి. బొమ్మ అద్దానికి తగలకూడదు. గదిలో తేమ పగలూ రాత్రీ ఒకే తీరుగా ఉండాలి. వేసవిలో గుంటూరు ఎండ, శ్రావణ భాద్రపదాల్లో కృష్ణ మీది తేమ, ఏడాది పొడవునా చెదలు. కరెంటు పోతే ఏసీ ఆగకుండా జనరేటరు ఉండాలి. ఒక గ్యాలరీకి ఇవి పెద్ద ఖర్చులు కావు. క్యాంపస్‌లలో సర్వర్ల గదులకు ఇంతకంటే జాగ్రత్తలు రోజూ తీసుకుంటున్నారు.

మూడో దారి తెనాలిది. కృష్ణా కెనాల్‌లో ప్యాసింజరు ఎక్కితే కొలనుకొండ, పెదవడ్లపూడి, చిలువూరు, దుగ్గిరాల. దుగ్గిరాల పసుపు మార్కెట్టు పేరున్నది. కొలకలూరు దాటితే తెనాలి. ఊరి మధ్యలోంచి మూడు కాలువలు పారతాయి. శిల్పశాలల ముందు దేశనాయకుల విగ్రహాలు, సినిమా నటుల విగ్రహాలు లారీల కోసం నిలబడి ఉంటాయి. ఇనుప తుక్కుతో బొమ్మలు చేసే వాళ్లూ ఇక్కడివాళ్లే. బొమ్మ చేసి బతకడం ఈ ఊరికి కొత్త కాదు.

ఈ ఊరూ చుట్టుపక్కల పల్లెలూ కలిసి తెలుగు బొమ్మల కథకు ఇచ్చినంత మంది మనుషుల్ని మరో చోటు ఇవ్వలేదు. చక్రపాణి తెనాలివాడు. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. క్షయ వచ్చి మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకుని శరత్ నవలలను తెలుగు చేశాడు. 1947 జూలైలో బి. నాగిరెడ్డితో కలిసి మద్రాసులో చందమామ మొదలుపెట్టాడు. 1909లో తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయే వరకు ఆ పత్రికను నడిపాడు. తెనాలి దగ్గరి చినగాదెలవర్రులో 1932లో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం అదే 1952లో చేరి, 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం లాంటి సీరియళ్లు రాశాడు. వాటి మీద రచయిత పేరు ఉండేది కాదు. తెలుగు పిల్లలు ఎవరు రాశారో తెలియకుండానే నెలనెలా ఎదురుచూశారు. బ్రాహ్మణకోడూరుకు చెందిన మాధవపెద్ది గోఖలే మాయాబజార్‌కు కళాదర్శకుల్లో ఒకడు.

మాట ఇక్కడిది. బొమ్మ మాత్రం బయటి నుంచి వచ్చింది. ప్రదర్శన పెట్టేవారు ఈ నిజాన్ని దాచకుండా మొదటి గోడ మీదే చెప్పాలి. దాసరి సీరియళ్లకు రెండు దశాబ్దాలకు పైగా బొమ్మలు గీసిన ‘చిత్ర’ అసలు పేరు రాఘవన్, ఆయన తమిళుడు. విక్రమార్కుడు భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే బొమ్మ గీసిన శంకర్ కూడా తమిళుడే. కె.సి. శివశంకరన్ అనే ఆ పెద్దాయన అరవై ఏళ్లు చందమామకు పనిచేసి 2020లో కన్నుమూశారు. మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు. ముఖచిత్రాల ఎం.టి.వి. ఆచార్య కన్నడిగుడు. వడ్డాది పాపయ్య మాత్రం శ్రీకాకుళంలో పుట్టి కశింకోటలో స్థిరపడిన తెలుగువాడు. వీళ్లందరి బొమ్మలూ మద్రాసు వడపళనిలో ఒకే చూరు కింద చేరాయి. బొమ్మ ఒకటే, దాని కింద కథ తెలుగులో, తమిళంలో, హిందీలో, ఇంకా ఎన్నో భాషల్లో అచ్చయ్యేది.

వీళ్లలో మొదటి ప్రదర్శన ఎవరిది కావాలంటే చిత్రదే. కారణాలు గట్టివి. శంకర్‌కు పోయాకైనా గౌరవం దక్కింది, పాపయ్య రంగుల ముఖచిత్రాలను జనం ఫ్రేము కట్టించుకున్నారు. 1978లో చనిపోయిన చిత్రకు ఆ భాగ్యం కలగలేదు. రెండో కారణం ఆయన పనిలో ఉంది. చందమామలో ‘చిత్రకథ’ అనే శీర్షిక కింద దాసు, వాసు అనే పిల్లలతో ఆయన గీసిన చిన్న బొమ్మల కథలు అసలు సిసలు కామిక్స్. సీరియళ్లలో ఆయనకు ఒక్కో పేజీకి ఒక్కో బొమ్మే దక్కేది. మాటల బుడగలు లేవు. కానీ ఒక భాగం మొత్తాన్ని వరుసగా చూస్తే తెలుస్తుంది, ప్రతి బొమ్మలోనూ ఏదో ఒకటి జరగబోతూ ఉంటుంది. మొసలి మీదికి రాబోతోంది, ఓడ రాతికి తగలబోతోంది, మాంత్రికుడు చెయ్యెత్తాడు. జరిగిన తర్వాతి క్షణాన్ని కాదు, జరగబోయే ముందు క్షణాన్ని ఎన్నుకుంటాడు. పిల్లవాడు పేజీ తిప్పక తప్పదు.

ఆ ప్రదర్శన ఎలా ఉండాలో ఈ మూడు దారులూ కలిపి చెప్పేశాయి. ఒక సీరియల్‌లో ఒక నెల భాగం తీసుకుని మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా ఒకే గోడ మీద, చదివే దిశలో పెట్టాలి. అసలు బొమ్మ దొరికిన చోట అసలు బొమ్మ. దొరకని చోట అదే కొలత ఖాళీ ఫ్రేము, అందులో ఒక మూలన ఆ నెల అచ్చయిన పేజీ. పోయినదాన్ని పోయినట్టే చూపించాలి. దాసు, వాసు బొమ్మలకు మరో గోడ. అమరావతి ఏనుగు ఫలకం ఫొటో ఒకటి ప్రవేశం దగ్గర ఉండాలి. పక్కన వివరాలు పెద్ద తెలుగు అక్షరాల్లో, పదేళ్ల పిల్లవాడి కంటి ఎత్తులో. మధ్యలో ఒక బల్ల మీద పాత చందమామ సంచికలు, చేత్తో తిప్పి చదువుకోవడానికి. తాతలు వస్తారు, మనవలకు చదివి వినిపిస్తారు. తుళ్లూరు, పెదకాకాని, దుగ్గిరాల మండలాల బడి పిల్లల్ని బస్సుల్లో తీసుకొస్తే చాలు, గది నిండుతుంది.

హక్కుల సంగతి ముందే తేల్చుకోవాలి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. చిత్ర విషయంలో అది 2038 చివరి దాకా నడుస్తుంది. పత్రికలో ఉద్యోగిగా గీసిన బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికలో అచ్చువేసుకునే హక్కు యజమానిది, మిగతా విషయాల్లో మొదటి హక్కు గీసినవాడిదే. పదిహేడో సెక్షను ఈ మాట స్పష్టంగా చెబుతోంది. బొమ్మ ఉన్న అట్ట ఒకరి దగ్గర ఉండవచ్చు, దాన్ని మళ్లీ అచ్చువేసే హక్కు మరొకరిది కావచ్చు. కేటలాగు వేయాలంటే ఇద్దరితోనూ మాట్లాడాలి. చందమామ 2007లో చేతులు మారి, ఆ తర్వాత కొన్నేళ్లకు ఆగిపోయింది కాబట్టి ఈ పనికి ఓపిక ఎక్కువే కావాలి. లా కాలేజీ విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఉండదు.

పని ఎవరు చేయాలన్నదానికి నార్త్‌రిడ్జ్ జవాబు చెప్పింది. చిత్రకళా శాఖ లేదని ఏ విశ్వవిద్యాలయమూ ఆగనక్కరలేదు. తెలుగు శాఖ కథను వెలికితీస్తుంది. ఇంజినీరింగ్ విద్యార్థులు స్కానింగు చేస్తారు, వెలుగునూ తేమనూ కొలిచే యంత్రాలు బిగిస్తారు. చరిత్ర శాఖ అమరావతి గోడను చూసుకుంటుంది. ఒక్క ఆచార్యుడు ముందుకు రావాలి, ఒక్క గది తాళం చెవి ఆయన చేతికి ఇవ్వాలి.

ఇది చదువుతున్నవారికి ఒక మనవి. మీ అటక మీద పాత చందమామ బైండ్లు ఉండవచ్చు. మీ బంధువుల్లో మద్రాసు పత్రికల్లోనో ప్రెస్సుల్లోనో పనిచేసినవారు ఉండవచ్చు, వాళ్ల ట్రంకు పెట్టెలో ఇంకుతో గీసిన ఒక అట్ట మిగిలి ఉండవచ్చు. దాన్ని లామినేషన్ చేయించకండి, చిరిగిన చోట టేపు అంటించకండి, ఎండ పడే గోడకు తగిలించకండి. అంచుల్లో పెన్సిలు రాతలుంటే చెరపకండి. రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పెట్టి, అది ఎవరిదో, ఏ నెల సంచికకో తెలిసినంత మేరకు వేరే చీటీ మీద రాసి, దగ్గరలోని విశ్వవిద్యాలయం గ్రంథపాలకుడికి ఒక ఉత్తరం రాయండి.